ఊరి చివరి యింటికిని శాస్త్రము



శాస్త్రవిజ్ఞానమును అందరికిని సమముగా నందజేయుట యెట్లు అను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింప వచ్చితిని. మాట వినుటకు పెద్దదిగా దోచును గాని, సంగతి మన నీళ్లరేవున, మన పశువుల కొట్టమున, మన బిడ్డల పలువరుసలయందు కనబడునట్టిదే. కావున సిద్ధాంతములతో గాక, ఒక వ్యాధి చరిత్రతో నారంభించెదను.

1930వ సంవత్సరము దాటిన తొలి యేండ్లలో, నాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లాలో, కొందరు రైతులు తమ యెద్దులలో నొక వింత యవిటితనమును గుర్తించిరి. కీళ్లు బిగిసికొనిపోయి, నొప్పిచే అడుగు తీసి అడుగు వేయలేక ఎద్దులు నిలబడిపోవుచుండెను. కొన్ని సంవత్సరములకు అదే బాధ మనుష్యులయందును గానవచ్చెను. మెడ త్రిప్పరాకుండుట, నడుము వంగిపోవుట, పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు పడుట దాని చిహ్నములు. 1937లో షార్టు అను వైద్యశాస్త్రవేత్తయు ఆయన సహచరులును దీనిని పరిశోధించి, త్రాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడు అను లవణ పదార్థమే దీనికి కారణమని శాస్త్రపత్రికలో ప్రకటించిరి. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి నివేదికలలో నది యొకటి.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ఆ వ్యాధిని మొట్టమొదట చూచినది పరిశోధనాలయము కాదు. ముల్లుకర్ర పట్టి యెద్దు వెంట నడచిన రైతు చూచెను. కారణమును విడదీసి చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు, లక్షణమును కనిపెట్టినవాడు సేద్యగాడు. ఇరువురి చూపును కలిసినప్పుడే సత్యము బయటపడినది. ఐనను గ్రంథములందు నిలచినవి పరిశోధకుల పేరులే. ఆ రైతుల పేరులు మన కెవ్వరికిని తెలియవు.

ఇట్టిదే మరియొక యుదాహరణము చెప్పెదను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దానికై ఆయనకు 1902లో నోబెలు బహుమానము లభించినది. ఆ దోమలు రక్తము పీల్చినది హుసేన్ ఖాను అను జ్వరపీడితుని వద్ద. తన్ను కుట్టిన యొక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. శాస్త్రమునకు రక్తమిచ్చిన అట్టివారి యిండ్లకు ఆ శాస్త్రము యొక్క ఫలము ఎప్పుడు చేరినది? వారి భాషలో, వారికి తెలియు మాటలలో, దోమను గూర్చి వారికి చెప్పినవారెవ్వరు? నా ప్రసంగమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

మరల ఫ్లోరైడు సంగతికి వత్తము. ఇది కొన్ని జాతుల రాళ్లలో నుండును. భూమిలో నీరు అట్టి రాళ్లనంటుకొని చిరకాలము నిలచినయెడల ఆ పదార్థము కొంచెము కొంచెముగా నీటిలో కరగును. పైపై బావులు ఎండిపోయి, లోతైన బోరుబావులపై నాధారపడిన మెట్టప్రాంతములలో ఈ బాధ హెచ్చుట కిది యొక ముఖ్య హేతువు. స్వల్పముగా నున్న ఫ్లోరైడు పండ్లకు మేలు చేయును. మితిమీరెనా, మొదట పండ్లను, పిమ్మట ఎముకలను పట్టుకొనును. శాశ్వతపు పండ్లు చిగుళ్లలో రూపు దిద్దుకొనుచుండు ఎనిమిదేండ్ల లోపలి ప్రాయమున త్రాగిన నీరే పంటిపై చారగా నిలచును. ఎముకలను పట్టిన పిమ్మట దానిని వెనుకకు మరలించు మందు లేదు. రాకుండ గాచుకొనుట యొక్కటే మార్గము. కనుక ఈ వ్యాధి విషయమున తెలియజెప్పుటయే వైద్యములో సగము.

నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధి యెంత క్రూరముగా నుండెనో మీరెరుగుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారిగారును, కమలా కృష్ణస్వామిగారును 1973లో, ఫ్లోరైడు ప్రాంతములందలి పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి యొకదాని నొకటి తాకుచుండు వైకల్యమును గూర్చి లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించిరి. అది లోకమున కుపకారమైన పని. వైద్యులకు ఆ పత్రిక యవసరమే. కాని అది లండను నగరమున ఆంగ్లభాషలో నచ్చగునది. మోకాళ్లు వంగిన పిల్లవాని తల్లి దానిని చదువజాలదు. ఆమెకు దానిని ఆమె మాటలలో చెప్పుట మరియొక పని. మొదటి పనికి పేరును బహుమానమును గలవు. ఈ రెండవ పనికి అవి లేవు గనుకనే అది చాలచోట్ల వెనుకబడి పోవుచున్నది.

నల్లగొండ ప్రాంతమున నేనొక గ్రామమున జరిగిన మంచినీటి సభకు బోయియుంటిని. ఊరి పేరును, అచ్చట మాటలాడిన యధికారి పేరును ఇచ్చట నప్రస్తుతములు. ఆయన కష్టపడి నీటిని పరీక్ష చేయించి వచ్చినవాడే. “మీ బోరునీటిలో ఫ్లోరైడు మూడు పి.పి.ఎం. ఉన్నది. త్రాగరాదు” అని చెప్పెను. అందరును తలలూపిరి. ఆ తల యూపుట తెలిసి యూపినది కాదని నాకు దోచెను. మూడు పి.పి.ఎం. అనగా ఎంత? చెంచాడా, సోలెడా? మూడు అనునది చిన్న సంఖ్య గదా, దానికంత భయమేల?

ఆ లెక్కను మన కొలతలలోనికి దెచ్చి చూతము. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. ఒక మిల్లీగ్రామునకు లోబడి యుండుట మేలనియు, వేరు నీరు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. ఇరువది లీటర్లు పట్టు బిందెను దీసికొందము. నాలుగు వందల బిందెల నీటిలో పాత తులమెత్తు ఫ్లోరైడు కరగియున్నచో, అది యించుమించు ఆ ఒకటిన్నర హద్దు. రెండు తులములున్నచో మూడు పి.పి.ఎం. దినమునకొక బిందె నీరు త్రాగుటకును వంటకును వాడు కుటుంబము పదమూడు నెలలలో ఆ నాలుగు వందల బిందెలను ఖర్చు పెట్టును. ఒక తులము వరకు మాత్రమే ఒంటికి పట్టదగిన చోట రెండు తులములు పోవుచున్నవన్నమాట. నీటి రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. తేటగా నున్నది గదా యని త్రాగుచునే యుందుము. ఈ లెక్క కష్టమైనది కాదు. బిందెయు తులమును తెలిసిన యే గృహిణికైనను బోధపడును. ఐనను ఆ సభలో దీనిని చెప్పినవారు లేరు.

అంతలో వెనుక వరుసనుండి యొక వృద్ధురాలు లేచి, “సారూ, ఆ నీళ్లు కాగబెట్టుకొని తాగితే పోదా?” అని యడిగెను. “పోదు” అని యధికారి చెప్పి తరువాతి సంగతికి బోయెను. ఆమె కూర్చుండలేదు. “మొన్న వాంతులు విరేచనాలప్పుడేమో కాగబెట్టి తాగుమంటిరి. ఇప్పుడు కాగబెట్టినా పోదంటిరి. రెంట్ల ఏది నిజం?” అనెను. కొందరు నవ్విరి.

నా కా నవ్వు రుచింపలేదు. ఆ సభలో నడుగబడిన ప్రశ్నలలో మేలైన ప్రశ్న యదియే. ఒకనాడు శాస్త్రము పేర చెప్పిన మాటకును, మరియొకనాడు శాస్త్రము పేర చెప్పిన మాటకును పొత్తు కుదురకున్నచో, అడుగక యూరకుండుట వివేకము గాదు. సభ ముగిసిన పిమ్మట నేనామె వద్దకు బోయి, “అవ్వా, పులుసులో ఉప్పెక్కువైతే ఇంకింతసేపు కాగబెడితే తగ్గుతదా?” అంటిని. “తగ్గదు బిడ్డా, ఇంకింత ఉప్పగైతది” అనెను. “ఇదీ అంతే. వాంతులు తెచ్చేది పురుగు, కాగబెడితే చస్తది. ఇది ఉప్పు లాంటిది, చావదు. నీళ్లు ఆవిరై పోయినకొద్దీ ఇంకా చిక్కనైతది” అని చెప్పితిని. ఆమె క్షణకాల మాలోచించి, “అట్ల చెప్తే ఎరుకైతది గద! మరి వాన నీళ్లల్ల గూడ ఉంటదా?” అని మరల నడిగెను.

చూచితిరా! మొదటి సంగతి తెలియగానే ఆమె బుద్ధి రెండవ సంగతిపైకి, తానుగా, సరియైన త్రోవను బోయినది. వాననీరు రాతిని తాకలేదు గనుక అందు ఫ్లోరైడు దాదాపు లేదు. పైకప్పు మీది వాననీటిని శుభ్రముగా బట్టి నిలువచేసికొనుట ఈ వ్యాధికి మంచి ప్రతిక్రియలలో నొకటి. పల్లెవారికి శాస్త్రము పట్టదని కొందరందురు. పట్టనిది శాస్త్రము కాదు. చెప్పిన తీరు పట్టదు.

ఆ సభయందే మరియొక లోపమును గూడ చూచితిని. అది ప్రొద్దున పదునొకండు గంటలకు, పంచాయతీ కార్యాలయమున జరిగెను. ఆ వేళకు కూలిజనము పొలములలో నుందురు. వచ్చినవారిలో మగవారే హెచ్చు. వచ్చిన కొలదిమంది స్త్రీలును వెనుక నిలువబడిరి. నీటిని మోయువారు, కాచువారు, బిడ్డలకు త్రాగించువారు స్త్రీలే గదా! విచారింపగా, ఎక్కువ ఫ్లోరైడు గల బోరు ఊరి చివరనున్న కూలివారి వాడలోనిదని తెలిసినది. ఆ వాడనుండి సభకు వచ్చినవారు ఒక్కరును లేరు. ఆపద యెవరిదో వారికి తప్ప తక్కినవారికెల్ల సమాచారము చేరినది.

ఇచ్చట నొక కటువైన మాట చెప్పవలసియున్నది. మీరు పెద్దలు గనుక సహింతురని నమ్మెదను. “ఈ బోరునీరు త్రాగకుడు, ఫలాని బావినీరు త్రాగుడు” అని చెప్పుట సులభము. ఆ ఫలాని బావి యొద్దకు ఊరిలోని వారందరును తలయెత్తుకొని పోగలుగుచున్నారా? వేరు బావికి పోవుటకు మైలు దూరము నడువవలసిన స్త్రీకి ఆ కూలి గంట యెవరిచ్చెదరు? డబ్బానీరు కొనలేనివానికి “శుద్ధజలమునే త్రాగుము” అని బోధించిన నేమి ఫలము? చెప్పిన మాటను ఆచరించు శక్తి గూడ దానివెంట నడచి రావలెను. లేనిచో ఆ బోధ పేదవాని మీద మరియొక నింద యగును. “చెప్పితిమి గదా, వినలేదు” అని మనము చేతులు దులుపుకొందుము.

దీనికి నిదర్శనము గలదు. నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1975 ప్రాంతమున నల్లగొండ పద్ధతి యను నొక యుపాయమును ప్రకటించిరి. నీటిలో తగుపాళ్లలో సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని గలిపి, బాగుగా కలియబెట్టి, గంటసేపు కదల్చక యుంచినచో, ఫ్లోరైడులో చాలభాగము మడ్డితో గూడ అడుగునకు దిగును. పైతేటను వంచుకొనవచ్చును. ఖరీదైన సరకులు లేవు, విద్యుత్తు అక్కరలేదు. మన జిల్లా పేరు లోకమున వ్యాపించినది. ఐనను పెక్కుచోట్ల నది నిలువలేదు. ఏల? నీరు మారినకొలది పటిక పాలు మారవలెను. ప్రతిదినము కలుపుట, ఆగుట, వంచుట, మడ్డిని దూరముగా పారబోయుట యెవరో యొకరు చేయవలెను. ఇంటిలో నా పని యెవరి మీద బడునో వేరుగ జెప్పనక్కరలేదు. కోడి కూయకముందే లేచి, కూలికి బోయి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వచ్చి పొయ్యి వెలిగించు ఆమెను ముందుగా నడిగియుండినచో, ఆ పద్ధతి మరియొక రూపమును దాల్చియుండెడిది. ఉపాయము కనిపెట్టుటకు ముందే, దానిని వాడవలసినవారిని అడుగవలెనని నాకు తోచుచున్నది.

మన భాషలో శాస్త్రమును చెప్పు కృషి నేటిది కాదు. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పబడి, శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటించినది. ఆ మండలికి ప్రాణమైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు బూనుకొని, అది ముగియకయే 1923లో కీర్తిశేషులైరి. ఆంగ్లము రానివానికి శాస్త్రము దూరము కారాదని వారు చేసిన పని చిరస్మరణీయము. ఐనను గ్రంథము చదువ నేర్చినవానికే యుపకరించును. 2011 జనాభా లెక్కలయందు సైతము, అప్పటి యాంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 59 మంది మాత్రమే యుండిరి. మిగిలినవారికి చెవియే గ్రంథము.

తెలుగు రానివారును మన నడుమ గలరు. గోండులు, కోయలు, సవరలు మొదలైనవారికి ఇంటిభాషలు వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గ్రహించిరి. పర్లాకిమిడిలో నుండి సవర భాషను నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును గూడ ప్రకటించిరి. పిల్లలు మన భాష నేర్చుకొని వచ్చువరకు మనము కనిపెట్టుకొని యుండవలసిన పనిలేదు, మనమే వారి భాషలోనికి బోవచ్చునని ఆయన చేసి చూపిరి. మలేరియా జ్వరము హెచ్చుగా నుండు కొండసీమలలో నేటికిని ఈ పాఠము అవసరమే.

ఇక రేడియో సంగతి. తెలుగు ప్రసంగములు మద్రాసు కేంద్రమునుండి 1938లోను, విజయవాడ కేంద్రమునుండి 1948లోను మొదలైనవి. చదువురానివానికిని మాట చేరెను. కాని రేడియోకు ఒక లోపము కలదు. అది చెప్పును గాని వినదు. ఈ లోపమును దీర్చుటకు 1956లో నాటి బొంబాయి రాష్ట్రమున పూనా ప్రాంతమునందు ఒక ప్రయోగము జరిగినది. సుమారు 150 గ్రామములలో శ్రోతల సంఘములు ఏర్పడెను. వారు వారమునకు రెండుమార్లు కూడి ప్రసంగమును వినిరి, విన్నదానిని చర్చించిరి, తమ ప్రశ్నలను ఆకాశవాణికి వ్రాసి పంపిరి. ఆ ప్రశ్నలకు తరువాతి ప్రసారములలో సమాధానములు వచ్చెను. ఊరక వినినవారికంటె, విని చర్చించినవారికి జ్ఞానము హెచ్చుగా నంటెనని దానిని పరిశీలించినవారు తేల్చిరి.

అంతకంటె నొక మెట్టు పైకెక్కినవారు మన తెలుగు స్త్రీలే. నాటి మెదకు జిల్లాలోని మాచునూరున 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమైనది. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ మహిళా సంఘములకు చెందిన దళిత స్త్రీలు దానిని నడిపిరి. చిరుధాన్యముల విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, రోగములను గూర్చి తమ యాసలో తామే మాటలాడుకొనిరి. విత్తనమును ఏండ్ల తరబడి దాచి నిలిపినవారికి ఆ విషయమున చెప్పదగినది చాల గలదని లోకమునకు తెలిసినది. శాస్త్రజ్ఞుడును వారి వద్ద కూర్చుండి వినవలసినవాడే.

ఈ సంగతులన్నియు పూర్వకాలపు ముచ్చటలని తలపకుడు. కోవిడ్ మహామారి కాలమున, 2021లో, టీకా కొరకు పేరు నమోదు చేసికొను జాలస్థలి మొదట ఆంగ్లమున నుండెను. తెలుగు మొదలగు భాషలు ఆ సంవత్సరము జూన్ నెలలో వచ్చినవి. 18 మొదలు 44 ఏండ్ల ప్రాయమువారు మొదట ఆ విధముగానే నమోదు కావలసియుండుటచే, చేతిలో తగిన ఫోను లేనివారు, అక్షరము రానివారు వెనుకబడుదురని సుప్రీంకోర్టు సైతము ప్రశ్నించినది. తరువాత నేరుగ కేంద్రమునకు బోయి టీకా వేయించుకొను వీలు కలిగినది. టీకాను కనిపెట్టుట యొక ఘనకార్యము. దానిని ఫోను లేని కూలివాని భుజము వరకు చేర్చుటయు ఘనకార్యమే.

సత్యము ఆలస్యముగా, పరాయి భాషలో వచ్చినచోట, అసత్యము ముందుగా, మన భాషలోనే వచ్చును. నేడు చేతి ఫోనులలో తిరుగు పుకార్లు చక్కని తెలుగున నుండుటను మీరు చూచుచున్నారు. పుకారు చుట్టమువలె వచ్చి పక్కన కూర్చుండి మాటలాడును. శాస్త్రము మాత్రము దూరమున బల్లమీద నిలువబడి యుపన్యసించును. జనులు ఎవరి మాట విందురు? ఇది జనుల తప్పు కాదు.

ఇప్పుడు గ్రామ పెద్దలు చేయదగిన కొన్ని పనులను మనవి చేసికొని ముగించెదను.

మొదటిది. ఆరోగ్యమును గూర్చియో, నీటిని గూర్చియో, పైరును గూర్చియో మీ యూరికి ఎవరైనను వచ్చి చెప్పునపుడు, సభ వేళను, స్థలమును మీరే నిర్ణయింపుడు. కూలిజనము ఇల్లు చేరిన పిమ్మట, ఊరి చివరి వాడలోనే ఒక సభ జరుగునట్లు చూడుడు. స్త్రీలను ముందు వరుసన కూర్చుండబెట్టుడు.

రెండవది. సభ ముగియకముందు “ఈ మాట మన యూరిలో ఎవరికి చేరలేదు?” అని యొక్క ప్రశ్న వేయుడు. చూపు లేనివారు, చెవులు వినబడనివారు, వలస వచ్చి గుడిసెలలో నున్నవారు, మంచము పట్టిన ముసలివారు ఆ జాబితాలో తప్పక తేలుదురు. ఆశా కార్యకర్తయో, బడి పంతులుగారో, చదువుకొన్న పడుచువారో వారి గడపకు బోయి చెప్పవలెను.

మూడవది. తెలియని మాట వినబడినచో తలయూపకుడు. “దానిని మా కొలతలో చెప్పుడు” అని మర్యాదగా నడుగుడు. పెద్దలు అడిగినచో పిన్నలకు అడుగు ధైర్యము కలుగును. పెద్దలు తెలిసినట్లు నటించినచో ఊరంతయు నటించును.

నాల్గవది. నీటి పరీక్ష జరిగినచో ఫలితమును కాగితమున దాచిపెట్టక బావిమీదనే చూపుడు. బంగ్లాదేశములో భూగర్భజలమున పాషాణము బయటపడినప్పుడు, లక్షలకొలది గొట్టపుబావులను పరీక్షించి, చెడ్డదానికి ఎరుపు రంగును, మంచిదానికి ఆకుపచ్చ రంగును పూసిరి. అక్షరము రాని బాలికయు ఆ రంగును చదువగలిగినది. ఎరుపు పూసినచోట, సమీపముననున్న మంచినీరు అందరికిని నిరాటంకముగా దొరకునట్లు చూచుట మీ బాధ్యత.

ఐదవది. మీ యూరి వారు చూచినదానిని వ్రాసియుంచుడు. పశువులకు వచ్చిన కొత్త రోగము, బిడ్డల పండ్లపై చారలు, పైరున కనబడిన వింత పురుగు, బావినీటి మార్పు మొదలైనవానిని తేదీతో గూడ ఒక పుస్తకమున నెక్కించి, వచ్చిన యధికారికి చూపుడు. అధికారి యిచ్చిన సమాధానమును గూడ అందే వ్రాయుడు. సమాధానము రాకున్నచో మరల నడుగుడు. నెల్లూరు రైతుల చూపు వంటి చూపు మీ యూరిలోను కలదు. దానికి కావలసినది ఒక పుస్తకమును, ఒక వినెడు చెవియును.

శాస్త్రము ఎవరి సొత్తును కాదు. దానికై పన్ను కట్టినవారు అందరును, దానికి రక్తమును అనుభవమును ఇచ్చినవారు అందరును దానికి హక్కుదారులే. చెరువు నిండినప్పుడు కాలువ చివరి మడికి నీరు పారిన తరువాతనే పెద్దరైతు తూము మూయించుట పూర్వపు మర్యాద. విజ్ఞానపు నీటి విషయమునను గ్రామ పెద్దలు అట్టి మర్యాదను పాటింతురని నా ప్రార్థన.